తూము తాళం

కొత్త నీళ్ళ సీసా మూత తిప్పినప్పుడు చిటుక్కుమని ఒక చప్పుడు వస్తుంది. అది మీకు ఎప్పుడైనా ఎముక విరిగిన చప్పుడులా వినిపించిందా? నాకు వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి, ప్రతి సీసాకూ. సత్తిబాబు మణికట్టు విరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆపగలిగిన మాట నా నోట్లోనే ఉంది. దాన్ని మింగేశాను. ఇంతకాలం మోస్తున్న బరువు అదే.

మాది భీమవరం దగ్గర ఒక ఊరు. డిగ్రీ రోజుల్లో మా కాలేజీ తరఫున డిబేట్ పోటీలకు నన్నే పంపేవారు. వేదిక ఎక్కే ముందు చీటీ తీయాలి. అనుకూలమో, ప్రతికూలమో, అందులో ఏది ఉంటే ఆ కాసేపటికి అదే మన నమ్మకం. 'నీటిని సరుకుగా అమ్మవచ్చునా' అన్న అంశానికి నాకు ప్రతికూలం వచ్చింది. ఊరి కిందున్న నీటిని బోరుతో తోడి, శుద్ధి పేరిట చాలా భాగం ఉప్పునీరుగా మురుగుకాలువలోకి వదిలి, మిగిలినదాన్ని ప్లాస్టిక్‌లో పోసి తిరిగి ఆ ఊరికే అమ్మడం దోపిడీ అన్నాను. కప్పు గెలిచాను. అనుకూలం వచ్చి ఉంటే? అప్పుడూ గెలిచేవాణ్ణి. ఆ సంగతి నాకు అప్పట్లో గర్వకారణం.

ఆ ఏడాదే మా బాబాయి వాటర్ ప్లాంటు పెట్టారు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. నీళ్ళ టిన్నులు కొనేవాళ్ళు లేరు. ఊరికి మంచినీళ్ళ చెరువు ఉంది. వేసవిలో కాలువలు కట్టేసే ముందే దాన్ని నింపుకుంటే, మళ్ళీ కాలువలు వదిలేదాకా ఊరంతటికీ ఆ నీళ్ళే. బిందెలో ఇండుప గింజ అరగదీస్తే తేటపడేవి. ఆ చెరువు పక్కనే బాబాయి చేపల చెరువు. రెండింటి మధ్య చిన్న బోదె కాలువ, దానికి తూము, తూము షట్టరుకు గొలుసు, తాళం.

కాలువలు కట్టేశాక బాబాయి నన్ను పిలిచారు. "నాలుగు రోజులు కంపు కొడితే చాల్రా. ఎవడూ చచ్చిపోడు," అన్నారు. చేపల చెరువు తూము కాసేపు ఎత్తి దించమని చెప్పి నవ్వారు. "ఈసారి అనుకూలం చీటీ వచ్చిందనుకోండి, లాయరు గారూ."

తాళంచెవి తూము దగ్గర కాపలా ఉండే సత్తిబాబు మొలతాడుకు వేలాడేది. షట్టరు తుప్పు పట్టిందేమో బాబాయి చూడమన్నారని చెప్పాను. "ఆయ్, తీసుకోండి బాబూ. మీరున్నారుగా, నేనో ముద్ద తినొచ్చేస్తాను," అని ఇచ్చి వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం. గట్టు మీద ఎవరూ లేరు. షట్టరు ఎత్తాను. కుళ్ళిన మేత, చచ్చిన చేపలు, అడుగు బురద, అన్నీ కలిసిన పచ్చని నీరు మంచినీళ్ళ చెరువులోకి విరుచుకుపడింది. కాసేపాగి దించాను. తాళంచెవి ఇచ్చేశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. ఏ నీళ్ళతో? ప్లాంటు నీళ్ళతో.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో తిరిగొచ్చారు. మగవాళ్ళు సరుగుడు కర్రలతో గట్టెక్కారు. సత్తిబాబును గుడిసెలోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. మొదటి దెబ్బకు మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బకు నోట్లోంచి నెత్తురొచ్చింది.

"ఆగండ్రా," అని పంచాయతీ ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు. "అబ్బాయి గారూ, మీరు చదువుకున్నవారు. నిన్న ఇటొచ్చారంట కదా. తూము ఎవరెత్తారండి?"

"తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మీ అందరికీ తెలుసు కదండీ."

అందులో ఒక్క అబద్ధం లేదు. వేదిక మీద అయితే చప్పట్లు పడేవి.

సత్తిబాబు తలెత్తి చూశాడు. "బాబు గారూ, చెప్పండి," అన్నాడు. నేను చెరువు వైపు చూశాను.

అతని కుడిచేతిని తూము రాతి మీద పెట్టి తొక్కిపట్టారు. తూమెత్తిన చెయ్యి ఇదేనా అంటూ ఎవరో కర్ర దించారు. చిటుక్కుమంది. చాలా చిన్న చప్పుడు. కేక ఆ తర్వాత వచ్చింది. చెయ్యి వేలాడిపోయాక కూడా కొడుతూనే ఉన్నారు.

ఆ సాయంత్రం బాబాయి వ్యానులో టిన్నులు ఉచితంగా పంచారు. పొద్దున కర్రలు పట్టిన చేతులే ఆయనకు దణ్ణాలు పెట్టాయి. వంకరపోయిన చేత్తో సత్తిబాబు, పెళ్ళాం బిడ్డలతో ఉప్పాడ వైపు వెళ్ళిపోయాడని విన్నాను. చెరువు మళ్ళీ నిండినా ఎవరూ బిందె ముంచలేదు. ఇప్పుడు ఆ తూముకు ఖాళీ సీసాలు అడ్డుపడి నీరే కదలదు.

ఎందుకు చెప్పలేదు? భయమా? కృతజ్ఞతా? ఏ సమాధానం చెప్పుకున్నా అది వెంటనే ఒక చక్కని వాదనగా తయారై, నన్ను నేను గెలిపించుకునే నా పాత అలవాటులోకే జారిపోతుంది కాబట్టి, జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. తూము ఎత్తింది నేను. ఇప్పటికీ అతని గుమ్మం తొక్కే ధైర్యం నాకు రాలేదు. అదీ ఒప్పుకుంటున్నాను. ఈ మాట కాగితం మీద పడ్డాక ఊపిరి కాస్త తేలికగా ఆడుతోంది. అంతకుమించి నాకు దక్కవలసింది లేదు.

ఈ ఏడాది కాలువలు కట్టేసే ముందు, దయచేసి, మీ ఊరి మంచినీళ్ళ చెరువు గట్టెక్కండి. నీరు నిండిందో లేదో, తూము ఎవరి చేతిలో ఉందో చూడండి. ఉప్పాడ వైపు కుడిచెయ్యి వంకరపోయిన సత్తిబాబు ఎదురైతే, తూమెత్తింది అతను కాదని పదిమందిలో, అతని ముందే, గట్టిగా చెప్పండి.