నిండు పడవకు సరిపోయే పంకా

ఆ రేవులో అతన్ని ఇంజన్ మింగినోడు అనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే. ఆ పేరు పెట్టింది అతని తోడల్లుడు.

మామగారికి ఇద్దరు కూతుళ్ళు, రెండు మోటారు పడవలు. మోకాళ్ళు పట్టేసి తాను పడవెక్కలేని రోజులొచ్చాక ఆయన పెద్ద పడవ పెద్దల్లుడికి, చిన్న పడవ చిన్నల్లుడికి అప్పగించాడు. ఏటికి ఆవలి ఒడ్డున ఉన్న మిల్లుకు కూలీలను దాటించే పని ఇద్దరూ పంచుకోవాలన్నాడు. చిన్నల్లుడు నోట్లో నాలుక లేని మనిషి. పెద్దల్లుడు మాటలతోనే మేడలు కట్టేవాడు.

ఒక వేసవిలో రంగులేయడానికి రెండు పడవలనూ ఒడ్డుకు లాగారు. చిన్నల్లుడు అప్పుడు జ్వరంతో మంచం పట్టి ఉన్నాడు. నీ పడవ సంగతి కూడా నేనే చూస్తాలే, నువ్వు పడుకో తమ్ముడూ అని పెద్దల్లుడు అంటే, సొంత అన్న కూడా ఇంత చేయడనుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

పడవ నీళ్ళలోకి దిగాక దాని తీరే మారిపోయింది. మనుషులు ఎక్కితే చాలు, ఎదురుగాలిలో ముసలి ఎద్దులా రొప్పేది. ఇంజన్ నల్లటి పొగ కక్కేది. ఎంత తిప్పినా వేగం అందుకునేది కాదు. పంకా, అంటే ప్రొపెల్లర్, నీళ్ళ అడుగున ఉండేది. దానికి కూడా కొత్త రంగు పట్టించి ఉంది. అనుమానించాలన్న ఆలోచనే అతనికి రాలేదు. వర్షాలు మొదలయ్యేలోగా ఇంజన్ వేడెక్కి పట్టేసింది. పెద్దల్లుడు రేవులో అందరి ముందూ నిలబడి, వీడు తాగి పడుకుని నూనె పోయడం మర్చిపోయాడు, మామగారి ఇంజన్ మింగేశాడు అన్నాడు. మామగారు ఒక్క మాట అడక్కుండా తాళం చెవి తీసేసుకున్నాడు. చుక్క ముట్టని మనిషికి తాగుబోతన్న పేరు కూడా దక్కింది.

ఆ తర్వాత అతను రేవు పక్కనే పంకాలు బాగుచేసే మేస్త్రి షెడ్డులో పనికి కుదిరాడు. వంగిన రెక్కలు సరిచేయడం, విరిగిన అంచులకు వెల్డింగ్ పెట్టడం, ఆకురాయితో అరగదీయడం. అక్కడే అతనికి అసలు సంగతి బోధపడింది. రెక్కకు మెలిక ఎక్కువుంటే ఒక్క చుట్టుకు పడవ ఎక్కువ దూరం పోతుంది. కానీ ఆ మెలికను తిప్పడానికి ఇంజన్‌కు సత్తువ కావాలి. ఖాళీ పడవకు ఎక్కువ మెలిక పనికొస్తుంది. బరువు మోసే పడవకు అదే పెడితే ఇంజన్ కొండెక్కుతున్నట్టు ఈడుస్తుంది, ఈడ్చి ఈడ్చి చస్తుంది. మేస్త్రి ఇది మామూలుగా చెప్పుకుపోతుంటే అతని చేతిలో ఆకురాయి ఆగిపోయింది. అనుమానం పుట్టింది గానీ రుజువు లేదు.

రుజువు దాని కాళ్ళతో అదే నడిచొచ్చింది. పెద్దల్లుడు కొత్త ఇంజన్ కొని, దానికి తగ్గ పంకా కోసం షెడ్డుకొచ్చాడు. పాతది మార్పిడి కింద పడేసి పోయాడు. చిన్నల్లుడు దాని మీది రంగు గీకాడు. ఒక రెక్క అంచున గోరంత పల్లం బయటపడింది. ఒకప్పుడు రాయి తగిలి విరిగిన చోట తానే అతికించి, చేయి జారి ఎక్కువ అరగదీసిన పల్లం. అది తన పడవ పంకా. తాను జ్వరంలో ఉన్నప్పుడు దాన్ని ఊడదీసి సొంత పడవకు పెట్టుకుని, దాని చోట మెలిక ఎక్కువున్నది బిగించాడు ఆ మహానుభావుడు.

అతను అరవలేదు. ఇంటికి పోయి భార్యకు మాత్రం చెప్పాడు. అక్కకు తెలిసే ఉంటుందంటావా అని ఆమె అడిగింది.

మర్నాడు పెద్దల్లుడు మళ్ళీ వచ్చాడు. ఎంత బరువు వేస్తావని మేస్త్రి అడిగితే, బరువు సంగతి తర్వాత, ఈ కొత్త ఇంజన్ ఏ మెలికనైనా తిప్పేస్తుంది, పడవ ఎగరాలి అన్నాడు. గోడకు వేలాడుతున్న పంకాల్లో అన్నిటికన్నా మెలిక ఎక్కువున్నది చూపించాడు. కూలీల పడవకు అది వద్దని మేస్త్రి నసిగాడు. పెద్దల్లుడు చిన్నల్లుడి వైపు తిరిగి నవ్వాడు.

"ఏరా ఇంజన్ మింగినోడా, నువ్వు చెప్పు. బాగుంటుందా?"

"నీ ఇంజన్‌కు అదే అందం అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు. దాన్ని తన చేతుల్తోనే అద్దంలా మెరిసేదాకా తోమి ఇచ్చాడు.

ఇక తన ఏర్పాట్లు మొదలుపెట్టాడు. మేస్త్రి షెడ్డు వెనక పడున్న పాత పడవను అడిగి తీసుకుని అతుకులేశాడు, పాత ఇంజన్ ఒకటి విప్పి బిగించాడు. తన పంకానే దానికి తొడిగాడు. మనుషుల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు నింపి, ఇంజన్ పూర్తిగా తెరిచి, దాని చుట్లు చూపే మీటరు చూశాడు. ముల్లు చేరాల్సిన గీత దగ్గరికి రాకుండానే ఆగిపోయింది. ఇంజన్ వేరు కాబట్టి మెలిక ఎక్కువైందన్నమాట. నాది కదా అని మురిసిపోతే పని జరగదు. మేస్త్రితో రెక్కలు కాస్త సాగగొట్టించి మెలిక తగ్గించాడు. ఈసారి ముల్లు గీత దాటి పరుగెత్తింది, ఇంజన్ కీచుమంది. మరీ తగ్గింది. మళ్ళీ కొంచెం పెంచారు. ముల్లు సరిగ్గా గీత మీద నిలబడ్డ మర్నాడు అతను పొద్దున్నే గడ్డం గీసుకుని రేవు సంఘం పెద్దల దగ్గరికి పోయాడు.

మిల్లు పనికి ఏ పడవ మేలో పందెం పెట్టి తేల్చమన్నాడు. ఒక్కటే షరతు, రెండూ నిండు బరువుతో పోవాలి. పెద్దల్లుడు పగలబడి నవ్వి ఒప్పుకున్నాడు. కొత్త ఇంజన్ వచ్చినప్పటి నుంచి మిల్లుకు సెలవులే. ఖాళీ పడవ మీద ఏరంతా ఎగురుతూ తిరిగాడు తప్ప బరువు వేసి చూసుకోలేదు.

పందెం రోజు మామగారిని కూడా కుర్చీలో తెచ్చి రేవులో కూర్చోబెట్టారు. రెండు పడవల్లోనూ బస్తాలు నింపారు. చిన్నల్లుడి పాత పడవ గునగునా సాగిపోయింది, పెద్ద వేగమేమీ లేదు. పెద్దల్లుడి పడవ ముక్కు పైకెత్తి, తోక నీళ్ళలో ముంచి, పొగలో మునిగింది. అతను ఇంకా ఇంకా తెరిచాడు. ఏటి మధ్యలో కొత్త ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగిపోయింది.

చిన్నల్లుడు ఆవలి ఒడ్డు తాకి వెనక్కొస్తూ దాని పక్కన ఆగాడు. తాడు విసిరాడు. పెద్దల్లుడు తల తిప్పుకునే తాడు కట్టుకున్నాడు. తిన్నగా రేవుకు తేవచ్చు. కానీ ఒడ్డు పొడవునా నిలబడ్డ వాళ్ళందరికీ కనిపించేట్టు, చుట్టూ తిప్పి, పెళ్ళికొడుకును ఊరేగించినట్టు నెమ్మదిగా ఈడ్చుకొచ్చాడు.

మిల్లు పని అతనికే ఇచ్చారు. కొద్దిరోజులకు మామగారు కబురు పెట్టాడు. పెద్దోడు ఇంజన్ బాగుచేయించాడు, పంకా మార్చుకుని ఐసు గడ్డలైనా మోసుకుంటాడు, మేస్త్రి ఊళ్ళో లేడు, నువ్వే చూసిపెట్టు అన్నాడు. పక్కన వదిన తల వంచుకుని నిలబడి ఉంది. చిన్నల్లుడు సరేనన్నాడు. ముందు అన్నయ్య రేవుకొచ్చి నిజం చెప్పాలన్నాడు, అప్పుడు ఎక్కడ నిలబడి అబద్ధం చెప్పాడో అక్కడే.

పెద్దల్లుడు వచ్చాడు. కూలీలు పడవెక్కే వేళ. నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"వినపడలేదు అన్నయ్యా" అన్నాడు చిన్నల్లుడు.

"పంకా నేనే మార్చాను. వాడు తాగలేదు."

"వెనకున్న వాళ్ళకు వినపడలేదు."

పెద్దల్లుడు గొంతెత్తి మళ్ళీ చెప్పాడు. కూలీల్లో ఒక ముసలామె చీ అని పక్కకు ఉమ్మేసింది. చిన్నల్లుడు చొక్కా విప్పి మొలలోతు నీళ్ళలోకి దిగి, ఐసు బరువుకు సరిపోయే పంకా తోడల్లుడి పడవకు బిగించాడు. మోసం చేయలేదు, బిగువుగా, సరిగ్గా బిగించాడు.

ఇంటికొచ్చాక భార్య తువ్వాలు అందించింది. అక్క ఏడ్చిందట, ఎవరో చెప్పారు అంది. అతను తల తుడుచుకున్నాడు.

"ఇప్పటికైనా చల్లారిందా?" అని అడిగింది.

అతను నిజాయితీగానే ఆలోచించాడు.

"ఇంకోసారి కూడా చెప్పించాల్సింది" అన్నాడు.