సులిస్ అమ్మ, మా పోచమ్మ

ఎడారి దేశంలో, అల్ ఖర్జ్ పాల ఫారంలో ఆవుల షెడ్లకు నీళ్లు చిమ్మే ఫ్యాన్లు బాగుచేయడం నా పని. ఆ వేసవిలో మాత్రం ఫ్యాన్ల కన్నా మా అక్క అలకే నన్ను ఎక్కువ సతాయించింది.

జగిత్యాల దగ్గర మా ఊళ్లో పోచమ్మ గుడికి కొత్త కమాను కడుతున్నారు. భజన మండలిలో పురాణం చదివి అర్థం చెప్పినవాణ్ణని, కమాను మీద ఏం చెక్కాలో నన్నే రాసి పంపమన్నారు. "శ్రీ దుర్గాదేవి ఆలయం" అని పంపాను. పురాణంలో ఉన్న పేరైతే గుడికి గౌరవం అనుకున్నాను. ఏటా బోనం ఎత్తే అక్క వెంటనే ఫోన్ చేసింది.

"పోచమ్మ పేరు తీసేసినవట తమ్మీ?"

"ఇద్దరూ ఒక్కటే అక్కా."

"ఒక్కటే అయితే నా తల్లి పేరే ఉండనియ్యి. లేకుంటే ఈ ఏడు బోనం ఎత్తనే ఎత్త."

పెట్టేసింది. శుక్రవారం చెక్కడం మొదలవుతుంది.

బుధవారం టీ తాగుతుంటే మా పశువుల డాక్టరు, ఇంగ్లండు పెద్దాయన, చెమట తుడుచుకుంటూ అన్నాడు. "మా ఊళ్లో నేలలోంచి వేడినీళ్లు ఉబుకుతాయి. ఈ ఎండ ముందు అవి చల్లనివే."

"ఆ నీళ్లకు అమ్మవారు లేదా సార్?"

ఆయన ఆశ్చర్యపోయాడు. ఉందట. పూర్వం అక్కడి కెల్ట్ జనం ఆ ఊటను సులిస్ అనే దేవతగా కొలిచేవారట. రోమనులు వచ్చి ఆ దేశాన్ని తమ సరిహద్దు రాష్ట్రంగా చేసుకున్నాక, ఈమె మా జ్ఞానదేవత మినర్వాయే అన్నారట. దూరదేశాల సిపాయిలు మొక్కు తీరితే ఆమె పేర రాయి నిలిపేవారు. స్నానానికి విప్పిన బట్టలు ఎవరైనా కొట్టేస్తే, దొంగను శపించమని సీసపు రేకు మీద రాసి ఊటలో వేసేవారు.

"రాళ్ల మీద ఏ పేరుంటుంది సార్?"

"రెండూ. సులిస్ మినర్వా."

"ఊరి పేరే ముందా?"

"అవును, ముందు అదే."

రాజ్యం గెలిచినవాళ్లే ఆ తల్లి పేరు చెరపలేదు. నేనేమో విమానం ఎక్కే ముందు పోచమ్మ పసుపు కళ్లకద్దుకుని వచ్చి, ఆ పేరే కొట్టేశాను. అప్పటికప్పుడు "శ్రీ పోచమ్మ దుర్గాదేవి ఆలయం" అని మార్చి పంపి, అక్కకు ఫోన్ చేసి ఈ కథంతా చెప్పాను.

"బట్టలు పోతే సీసం మీద రాసుడెందుకు? మన తల్లికి నోటితో చెప్తే ఇనదా?" అని నవ్వింది. తర్వాత అడిగింది. "గా అమ్మకు ఇప్పుడు బోనం ఎవరెత్తుతున్నరు?"

"ఎవరూ లేరక్కా."

"అయ్యో," అంది.

బోనాలకు ముందు మేనకోడలు ఫొటో పంపింది. కమాను రాయి ఇంకా నేల మీదే ఉంది. చదువు రాని అక్క, మొదటి పేరు ఏదో అడిగి తెలుసుకుని దానికి నిండా పసుపు పూసింది. రెండో పేరుకు ఒక బొట్టు. అది నా కోసమట. రాయి మీద అక్షరాలు లేని చోట ఇంకో బొట్టు కనిపిస్తే, అదెవరికని అక్కకు ఫోన్ చేసి అడిగాను.

"గా వేడినీళ్ల తల్లికి. ఎవరూ లేరన్నవు గదా."