ప్లేటును మింగే మిషిను

మా చిన్న మనుమడు ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు కొంటానని ఆరు నెలలుగా ఇంట్లో ఒకటే పాట. కొంటానంటాడే గాని కొనడు. దుకాణానికి పోతాడు, ఒక్కొక్క కంప్యూటరునూ పక్కకు తిప్పి పళ్లెం బయటికొచ్చే సందులోకి తొంగి చూస్తాడు, ఇందులో పాత డిస్కులే ఆడతాయి, కొత్త రకం డిస్కులు చదివే డ్రైవు ఇంకో రెండు నెలల్లో దిగుతుందట అంటూ ఉత్త చేతులతో ఇల్లు చేరతాడు. రెండు నెలలయ్యాక పోతే ఇంకో రెండు నెలలట. వచ్చిన ఎర్రబస్సును వదిలేసి, వెనకాల మెత్తటి సీట్ల బస్సు వస్తోందని బస్టాండులో నిలబడేవాళ్లను మీరూ చూసే ఉంటారు. వాళ్లు చివరికి నడిచే ఊరు చేరతారు. ఇంట్లో అందరూ వాణ్ని తిడుతున్నారు గాని నేను నోరు మెదపను. మెదిపితే మా అన్న సంగతి చెప్పాల్సి వస్తుంది. ఆ సంగతి నవ్వుతూ మొదలుపెట్టగలను, నవ్వుతూ ముగించడం మాత్రం నాకు ఇన్నేళ్లలో చేతకాలేదు.

జనగామలో స్టేషనుకు పోయే దారిలో మా అన్నకు మైకుసెట్టు దుకాణం ఉండేది. అరవైతొమ్మిది ఉద్యమంలో బడులన్నీ మూతపడ్డప్పుడు నేను ఏడో తరగతి. తరువాత బళ్లు తెరిచారు గాని నేను మళ్లీ తెరుచుకోలేదు, లెక్కల పంతులు ఊపిరి పీల్చుకున్నాడని విన్నాను. ఆ రోజుల్లోనే ఒక ఊరేగింపుకు విద్యార్థులు మా మైకు తీసుకుపోయారు, వెనకాలే పోలీసులొచ్చారు, రాళ్లు లేచాయి, లాఠీలు లేచాయి, ఒక రాయి వచ్చి మా హారను నోట్లో పడి టంగుమంది. అందరూ పరుగెత్తుతుంటే మా అన్న మాత్రం రికార్డుల పెట్టె మీద బోర్లా పడుకున్నాడు. లాఠీలు ఆయన వీపు మీద ఎన్ని పడ్డాయో ఆయన చూసుకోలేదు, పెట్టెలో ప్లేట్లు మాత్రం ఒక్కటొక్కటే తీసి చూసి, ఒక్కటీ పగల్లేదని రక్తపు చొక్కాతో నవ్వాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఈ మనిషికి తన ఒంటి కంటే పాట తెగకుండా ఉండటం ముఖ్యమని.

పాట తెగకుండా ఉండటం అంత తేలిక కాదు. పెళ్లి ఊరేగింపుల్లో మైకుసెట్టు ఎడ్లబండి మీద పోయేది. బండి గతుక్కుమంటే ప్లేటు మీది సూది ఎగిరి పల్లవి నుంచి చరణంలోకి, ఒక్కోసారి ప్లేటు నుంచి కిందికి దూకేది. దానికి మా అన్న కనిపెట్టిన మందు నేను. బండిలో గడ్డి మెత్తగా పరచి, దాని మీద బొంత వేసి, నన్ను బాసింపట్టు వేసి కూర్చోబెట్టి, రికార్డు మిషినును నా ఒళ్లో పెట్టేవాడు. గుంత వస్తే నడుము మీద నుంచి నేను ఊగాలి గాని ఒడి కదలకూడదు. ఇప్పటి కార్లకు చక్రాల దగ్గర స్ప్రింగులుంటాయి చూడండి, ఆ ఉద్యోగం. జనగామ నుంచి మానుకోట దాకా, ఒక్కోసారి అటు కాటారం అడవి ఊళ్ల దాకా, పెళ్లికొడుకుల కంటే ఎక్కువ ఊరేగిన మనిషిని నేనే. మా వదిన నా నడుముకు ఆముదం కాచి ఇస్తూ, పెండ్లి ఒకలది నొప్పి ఒకలది అని నవ్వేది.

అలాంటి రోజుల్లో సికింద్రాబాదు వ్యాపారి ఒకాయన మా అన్నకు ఒక కాగితం బొమ్మ చూపించాడు. మోటారుకార్లలో పెట్టే రికార్డు మిషినట. మూత లేదు, సూది పైకి కనపడదు, ముందు భాగంలో ఒక సన్నటి సందు ఉంటుంది, అందులోకి చిన్న ప్లేటును నెడితే మింగి పాడుతుంది, రోడ్డు ఎంత ఎగుడుదిగుడైనా సూది జారదు. పై నెలలో సరుకు దిగుతుందన్నాడు. మా అన్న ఆ బొమ్మను నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని వచ్చి నా ముందు విప్పాడు.

"చూడుర తమ్మీ, గోతిలవడ్డా పాట తెగదట!"

"మరి నా నౌకరి పాయె గదనే అన్నా," అన్నాను నేను.

ఆ పై నెల రాలేదు. అంటే నెలలు వచ్చాయి, మిషిను రాలేదు. వ్యాపారి ఒకసారి ఓడలో ఉందన్నాడు, ఒకసారి బొంబాయిలో ఉందన్నాడు, మా అన్న జాబులు రాస్తూనే ఉన్నాడు. పైగా ఆ సందులో పట్టే చిన్న ప్లేట్లు ముందుగానే కొనిపెట్టాడు. "ఉన్న మిషిన్కు సూది కొనుమంటె కొనడు గని, రాని మిషిన్కు పాటలు కొన్కచ్చిండు మీ అన్న," అని వదిన దెప్పేది. ఆయన అంతటితో ఊరుకున్నా బాగుండేది. కొత్తది వచ్చాక ఈ డబ్బాలెందుకని మా దగ్గరున్న రెండు పాత మిషిన్లలో మంచిదాన్ని గార్ల ఊరి మైకుసెట్టు ఆయనకు అమ్మేశాడు. మిగిలింది ఒక్కటే ముసలిది. అది పోతే దుకాణం మూతే, కొత్తది వచ్చేదాకా దీన్ని పసిపిల్ల లెక్క చూసుకో అని నాకు వెయ్యిసార్లు చెప్పాడు. నేను చూసుకున్నాను. చూసుకోబట్టే ఇదంతా జరిగింది.

పెద్దవంగర దాటాక ఒక ఊరు, పేరు చెప్పను. అక్కడ కోటలాంటి ఇల్లు, దొర గడి ఉండేది. గడి ముందు నుంచి ఊరేగింపు పోతే పెళ్లికొడుకు బండి దిగాలి, అందరూ చెప్పులు చేతబట్టుకోవాలి, పాట ఆగాలి. గోడ మొదలు నుంచి గోడ చివరి దాకా చప్పుడు ఉండకూడదు. మైకువాళ్లందరికీ తెలిసిన కట్టుబాటే. గోడ ఇరవై అడుగుల దూరం ఉండగానే మా అన్న ఆంప్లిఫయరు ఆపేవాడు, నేను సూది ఎత్తేవాణ్ని, గోడ దాటాక మళ్లీ పెట్టేవాళ్లం. పాట అలా మధ్యలో తెగినప్పుడల్లా మా అన్న మొహం ఎవరో చెంపమీద కొట్టినట్టు అయ్యేది.

ఆ రోజు తండా పెళ్లి. పొద్దు ఇంకా వాలలేదు, ఆడవాళ్లు అద్దాల పైటలతో ఆడుతూ వస్తున్నారు. గడి గోడ ఇంకా దూరముందనగా బండి చక్రం రోడ్డు పక్క మోరీ కాలువలో దిగింది. మా అన్న కిందికి దూకి చక్రానికి భుజం పెట్టాడు, తండా పిల్లలు నలుగురు తోడయ్యారు, ఒక్క ఊపు ఊపితే ఎడ్లు బెదిరి బండిని లాక్కుని పరుగు తీశాయి. మా అన్న కింద, పెళ్లికొడుకు బండిలో, ఆంప్లిఫయరు బండిలో, నేను బండిలో, నా ఒళ్లో మిషిను. పాట ఆగలేదు. చెయ్యి చాపి ఆంప్లిఫయరు ఆపాలంటే మిషినును వదలాలి, వదిలితే అది కిందపడి ముక్కలవుతుంది, మాకున్నది అదొక్కటే. రెండు చేతులతో దాన్ని పొట్టకు అదుముకుని అలాగే కూర్చున్నాను. ఎడ్లు సరిగ్గా గడి పెద్ద దర్వాజా ముందు ఆగాయి. నా జన్మలో సూది అంత నిలకడగా ఎన్నడూ ఆడలేదు.

గడి నుంచి కర్రలతో ఆరుగురొచ్చారు. ముందు పెళ్లికొడుకును కొట్టారు, బండి దిగలేదని. అతను దిగేలోపే తల పగిలింది, బాసికం రక్తంలో తడిసింది. అడ్డమొచ్చిన ముసలాయనను కాలితో తన్నారు. వెనకాలే పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లను జుట్టుపట్టి రోడ్డు మీది నుంచి పక్కకు ఈడ్చారు. తరువాత వాళ్లలో మెడ దగ్గర పుట్టుమచ్చ ఉన్న ఒకడు బండి దగ్గరికి వచ్చాడు.

"మిషిన్ ఎవడు వెట్టిండు బే?"

మిషిను నా ఒళ్లోనే ఉంది. చూసినవాడెవడికైనా తెలుస్తుంది. జీవితమంతా నోటికి తాళం లేని నేను ఆ క్షణం మిషినును ఇంకా గట్టిగా పొట్టకు అదుముకున్నాను. వెనక నుంచి రొప్పుతూ వచ్చిన మా అన్న నాకూ వాడికీ మధ్య నిలబడ్డాడు.

"మిషిన్ నాది. నేనే వెట్టిన. గాడు ఉత్త కూసున్నోడు."

"ఏ చేత్తోని వెట్టినవ్?"

మా అన్న కుడిచెయ్యి చాపాడు. దాన్ని బండిచక్రం కమ్మి మీద పెట్టి, ఇద్దరు పట్టుకోగా, ఆ పుట్టుమచ్చవాడు కర్ర మొదలుతో కొట్టాడు. నాలుగు దెబ్బలు. వేళ్లు విరిగిన చప్పుడు ఎలా ఉంటుందో నేను రాయను. మొక్కజొన్న కంకులు విరుస్తుంటే ఈనాటికీ నేను లేచి బయటికి పోతాను. మిషిను మాత్రం వాళ్లు ముట్టుకోలేదు. వాళ్లకు దాని పాట నచ్చిందో, దాని సంగతి గుర్తే రాలేదో తెలియదు.

మానుకోట దవాఖానలో కట్టు కట్టారు, తరువాత కట్లు కట్టే పెద్దమనిషి ఒకాయన దాన్ని విప్పి మళ్లీ కట్టాడు. వేళ్లు అతుక్కున్నాయి గాని ముడవలేదు. సూది గాడిలో ఎంత మెత్తగా దించాలో తెలిసిన చెయ్యి, అన్నం కలుపుకోవడానికి పనికిరాకుండా పోయింది. వదిన ముద్దలు చేసి పళ్లెంలో పెట్టేది, ఆయన ఎడమచేత్తో తినేవాడు. నేను రోజుకు పది వేషాలు వేసి ఆయన్ను నవ్వించేవాణ్ని. ఆయన నవ్వేవాడు. నన్ను మాట అనలేదు, అందుకే నాకు నిద్ర పట్టేది కాదు. ఒక్కసారి మాత్రం, "తమ్మీ, గా మిషిన్ రావాలె, గడి ముంగట ఒక్క పాట తెగకుంట పోవాలె, గంతే," అన్నాడు. అప్పటినుంచి ఆ మిషిను కోసం ఎదురుచూడటం మా వ్యాపారం కాదు, మా పగ.

మరో నాలుగేళ్లకు అది వచ్చింది. అచ్చు బొమ్మలో ఉన్నట్టే, నల్లగా, నోటి సందుతో. అప్పటికే పట్నంలో క్యాసెట్లొచ్చాయి, సికింద్రాబాదు వ్యాపారి దాన్ని మాకు అంటగట్టి చేతులు కడుక్కున్నాడు. అయినా మా అన్న ఇన్నేళ్లుగా దాచిన చిన్న ప్లేటు తీసి, ముడవని వేళ్ల మధ్య ఇరికించి, అరచేతి అంచుతో సందులోకి నెట్టాడు. మిషిను మింగింది, పాడింది. విచిత్రమేమంటే దానికి వేళ్లు అక్కర్లేదు. నేను ఎత్తి కుదిపాను, తలకిందులు చేసినంత పని చేశాను, పాట తెగలేదు. వదిన కొంగుతో మొహం కప్పుకుని లోపలికి పోయింది.

ఎనభయ్యో సంవత్సరం దగ్గరపడేసరికి ఊళ్ల గాలి మారింది. కూలీల సంఘాలు లేచాయి. దొర కుటుంబం హైదరాబాదు వెళ్లిపోయింది. గడి ముందు సభ పెడుతున్నాం, మైకు కావాలని ఆ ఊరి యువకులు వచ్చారు. వదిన వద్దని కాళ్లావేళ్లా పడింది. మేం పోయాం. అదే దారి, అదే మోరీ, ఎడ్లబండి మీద కొత్త మిషిను, నా ఒడి ఖాళీ. గడి గోడ మొదలు నుంచి పాట మోగుతూనే ఉంది, ఎవరూ చెప్పులు విప్పలేదు. మా అన్న కళ్లు మూసుకుని బండిలో కూర్చున్నాడు. ఆయన మొహం అంత వెలుగుగా నేను మళ్లీ చూడలేదు.

దర్వాజా దాకా వచ్చేసరికి యువకులు ఒక మనిషిని ఈడ్చుకొచ్చారు. పుట్టుమచ్చవాడు. జుట్టు నెరిసింది, చొక్కా లేదు, అప్పటికే పెదవి చిట్లి ఉంది. మా అన్న చేతికి కర్ర ఇచ్చారు.

"కొట్టన్నా! నీ చెయ్యి ఇరగ్గొట్టినోడు గీడే."

"బాంచన్, నేను జీతగాన్ని. దొర చెప్పితె కొట్టిన," అని వాడు నేల మీద పొర్లాడాడు.

మా అన్న కర్ర పట్టుకోబోయాడు. వేళ్లు ముడవలేదు. కర్ర జారి కింద పడింది. ఎవడో కిసుక్కుమని నవ్వాడు. ఆ నవ్వు నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. కర్ర నేను అందుకున్నాను. వీపు మీద కొట్టాను, మోకాళ్ల మీద కొట్టాను, అడ్డం పెట్టుకున్న చేతుల మీద కొట్టాను. పైన హారన్లో హుషారైన పాట నడుస్తోంది, వాడి నోరు తెరుచుకుంటోంది గాని కేక వినపడటం లేదు. కేక వినపడకపోతే కొట్టడం ఎంత సులువో నాకు ఆ రోజు తెలిసింది. దెబ్బలు పాట దరువుకు పడుతున్నాయి, చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేస్తున్నారు.

పాట ఆగిపోయింది. మా అన్న ఎడమచేత్తో బాటరీ తీగ పీకేశాడు.

అప్పుడు వినపడింది. వాడు అమ్మనో అవ్వనో కాదు, ఏదో పేరు పిలుస్తున్నాడు, కూతురిదో మనుమరాలిదో. నా కర్ర గాలిలో ఆగింది. మా అన్న బండి దిగి వచ్చి నా రెండు చేతులనూ పట్టుకుని చూశాడు.

"నీ చేతులు కాపాడనీకె నా చెయ్యి వెట్టినర. గిందుకేనా?"

వాడు బతికాడు, కుంటుతూ బతికాడు. మా అన్న నాతో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆ మిషినును మళ్లీ బండి ఎక్కించలేదు. దుకాణంలో క్యాసెట్లు పెట్టాం, తరువాత అవీ పోయాయి, తరువాత మా అన్నా పోయాడు.

మొన్న ఆ ఊరికి పెళ్లికి పోయాను. గడి గోడ సగం కూలి ఉంది, దాని ముందు నుంచే లారీ మీద ఇల్లంత పెట్టెలతో పాట పోయింది. గుండెలు అదిరే చప్పుడు, పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. ఎవరూ దిగలేదు, ఎవరూ చెప్పులు విప్పలేదు, ఎవరికీ ఏమీ గుర్తులేదు. గుర్తులేకపోవడమే మంచిదని నేనూ అనుకుంటాను. మేం పదేళ్లు ఎదురుచూసిన తెగని పాట ఇప్పుడు అందరి జేబులోనూ ఉంది. కాని ఆ చప్పుడులో నిలబడి నేను పాట వినను. ఇంత పెద్ద పాట కింద ఎవడైనా ఎవణ్నైనా కొడుతుంటే, తీగ ఎక్కడుందో తెలిసి, పోయి పీకే మనిషి ఈ గుంపులో ఉన్నాడా అని ఒక్కొక్క మొహమే వెతుక్కుంటాను.