అమ్మ మైకు పట్టిన బొమ్మల సినిమా

నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా పోర్టు క్వార్టర్ల రిక్రియేషన్ హాల్లో పిల్లల కోసం బొమ్మల సినిమా వేశారు. అందులో జంతువులు మాట్లాడతాయని వారం ముందు నుంచీ చెప్పుకున్నాం. డెబ్భైల నడిమి సంవత్సరాలు అవి. మేం విశాఖపట్నంలో చూసిన సినిమాలన్నీ మనుషులు ఆడి పాడేవే. గీసిన బొమ్మ కదలడం, అదీ ఒక గుర్రం నోరు తెరిచి బాతుతో కబుర్లాడడం మాలో ఎవరూ చూసి ఎరగరు.

మా నాన్న పోర్టులో ఓడల సరుకు ఎత్తే వించి మిషనుకి డ్రైవరు. ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి వచ్చిన ఒక విదేశీ ఓడ, రేవులో బెర్తు ఖాళీ లేక చాలా రోజులు బయట సముద్రంలో నిలబడి, అప్పుడే లోపలికి వచ్చింది. ఓడవాళ్ళు కాలక్షేపానికి సినిమా రీళ్ళు వెంట పెట్టుకుని తిరిగేవారు. మా వెల్ఫేర్ ఆఫీసరు వాళ్ళనడిగి పిల్లల సినిమా ఒకటి ఒక పూటకి తెచ్చాడు. సినిమా ఇంగ్లీషులో ఉంటుందని, మాటలు తెలుగులో చెప్పడానికి హైస్కూలు ఇంగ్లీషు మేస్టారిని పిలిచారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తెర పక్కన మైకు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

కిటికీలకి నల్ల దుప్పట్లు కట్టారు. పిల్లలం ముందు జంపఖానాల మీద, ఆడవాళ్ళు ఒక పక్కన, మగవాళ్ళు వెనక బెంచీల మీద. ప్రొజెక్టరు తిప్పే ఆయన పాత ఊరి నుంచి వచ్చిన ముసలి సాయిబు. ఆయన దీపాలు ఆర్పించి మిషను వేశాడు. తెరంతా తెల్లగా మంచు. ఆ మంచులో ఒక ముసలి గుర్రం, దాని వీపు మీద ఒక బాతు, వెనక ఒక పంది పిల్ల, వీళ్ళకి కొంత దూరంలో ఒక నక్క. బాతు ఏదో అంది. గుర్రం ఏదో బదులిచ్చింది. మేస్టారు నోరు తెరిచారు, మళ్ళీ మూశారు.

అది ఇంగ్లీషు కాదు. ఏ దేశపు భాషో ఆయనకి తెలీదు. కొంతసేపు చెవి ఒగ్గి విని, చివరికి మైకులో, "పిల్లలూ, ఇది మనకు రాని భాష. బొమ్మలు చూసి ఆనందించండి" అన్నారు. ఒక్కసారిగా గోల లేచింది. "ఏటంతందది? సెప్పండి మేస్టారూ!" అని అరుపులు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా అమ్మ గొంతు వినిపించింది. పక్కావిడతో చెప్పుకుంటోంది గాని, అమ్మది పొలం గొంతు, హాలంతా వినిపిస్తుంది. "ఆ గుర్రానికి ఈ ఎర్ర నక్కంటే పడదు. సెవులెనక్కి పెట్టినాది సూడు. బాతేమో, పోనీలే మావా, ఆకలితో ఉన్నాడు, రానీ అంతంది."

అమ్మది భీమునిపట్నం దగ్గర పల్లె. పెళ్ళయ్యే వరకూ ఆవులతో, గేదెలతో, మేకలతో పెరిగింది. చదువు లేదు. చెవులూ తోకా చూసి ఏ జంతువు మనసులో ఏముందో చెప్పేది. ఆ బొమ్మలు గీసినవాడు కూడా జంతువులని బాగా చూసినవాడే అయ్యుంటాడు. అమ్మ అలా అన్న మరుక్షణమే గుర్రం తల దించింది, నక్క వచ్చి పక్కన చేరింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మేస్టారు చిన్నబుచ్చుకోలేదు. లేచి వెళ్ళి, "అమ్మా, మీరే వచ్చి చెప్పండి" అన్నారు.

"నానేటి బాబూ, నాకేటి తెలుసు!"

"నాకంటే మీకే ఎక్కువ తెలిసినట్టుంది."

అమ్మ వెనక్కి తిరిగి చీకట్లో నాన్న కోసం వెతికింది. నాన్న బెంచీ మీంచి, "ఎల్లు, ఎల్లు. ఇంట్లో ఎలాగూ నోరు మూయవు కదా" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. అమ్మ కొంగు దోపుకుని వెళ్ళి కుర్చీలో కూర్చుంది. నాకు సిగ్గుతో ఒళ్ళు ముడుచుకుపోయింది.

ఆ సిగ్గు ఎంతోసేపు నిలవలేదు. మంచు సంగతి అమ్మకి తెలీదు, మాకూ తెలీదు. భీమిలి దారిలోని ఉప్పు మడులు చూసిన మనిషి కాబట్టి, "ఈలందరూ ఉప్పు మడుల మీంచి ఎల్తన్నారు, కాళ్ళు మండతన్నాయి పాపం" అని మొదలుపెట్టింది. గుర్రానికి మా వీధి పెద్దల గొంతు ఇచ్చింది. బాతుకి ముక్కుతో మాట్లాడే గొంతు. పంది పిల్ల జారి పడ్డప్పుడల్లా, "ఓలమ్మో, నా నడుం!" అనేది. నక్క గుర్రాన్ని "బావా" అని పిలిచి కాకా పట్టేది. వెనక బెంచీల వాళ్ళు మాకంటే గట్టిగా నవ్వారు.

అలా ముప్పావుగంట నడిచింది. తెర మీద గాలి వీచడం మొదలైంది. గుర్రం నడక తగ్గింది. ఒక చోట ఆగి, ముందు కాళ్ళు మడిచి, పక్కకి ఒరిగింది. బాతు దాని ముక్కు దగ్గరికి వెళ్ళి పిలిచింది. గుర్రం ఒక మాట అని కళ్ళు మూసుకుంది.

అమ్మ ఏమీ చెప్పలేదు. నేను తల తిప్పి చూశాను. అమ్మ తెర వైపు చూడడం లేదు, జంపఖానా మీద మొదటి వరసలోకి చూస్తోంది. అక్కడ అక్కా తమ్ముడూ ఇద్దరు పిల్లలు కూర్చున్నారు. పిల్లకి తొమ్మిదేళ్ళు, వాడికి ఐదు. వాళ్ళ నాన్న మా నాన్నతో పాటే పనిచేసేవాడు. రెండు నెలల కిందట పచ్చకామెర్లు వచ్చి చనిపోయాడు. ఆ రోజు వాళ్ళ అమ్మ సినిమాకి రాలేదు, పిల్లల్ని మాతో పంపింది.

అమ్మ మైకులో అంది: "గుర్రం అలిసిపోనాది. తొంగున్నాది."

సరిగ్గా అప్పుడే రీలు అయిపోయింది. సాయిబు దీపాలు వేయించి రెండో రీలు ఎక్కించుకుంటున్నాడు. మేస్టారు వంగి నెమ్మదిగా, "అమ్మా, అది చనిపోయినట్టుంది" అన్నారు.

అమ్మ మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది. "నాకు తెల్దేటి బాబూ? కాళ్ళు సూసినపుడే తెలిసింది. ఆ పిల్లల ముందు ఎలగ సెప్తాను?"

ఆయన తల ఊపి పక్కకి జరిగారు.

రెండో రీలులో గుర్రం లేదు. బాతూ, పందీ, నక్కా మాత్రమే నడుస్తున్నాయి. కొంతసేపటికి పిల్లలు అడగడం మొదలెట్టారు. "గుర్రమేది?" "తొంగున్నాది కదా, ఎనక నుంచొస్తాది" అంది అమ్మ. తెర మీద తెల్లారింది, ఏరు వచ్చింది, పడవ వచ్చింది. "ఇంకా లెగనేదా?" "లెగిస్తాది, లెగిస్తాది." బాతు ఏడుస్తోంది. అది ఎందుకు ఏడుస్తోందో అమ్మకి చెప్పడం కుదరడం లేదు. "కాళ్ళు నొప్పెట్టి ఏడుస్తంది" అంది. ఆమె గొంతులో ముందున్న హుషారు పోయింది. ఎవరూ నవ్వడం లేదు.

అప్పుడు మొదటి వరసలోంచి ఆ పిల్ల లేచి నిలబడింది. తెర మీద దాని నీడ పడింది.

"అది లెగదు పిన్నీ" అంది. "సచ్చిపోనాది. సచ్చిపోనాదని సెప్పు. తమ్ముడు ఇందాకట్నుంచీ లెగిస్తాదని సూస్తన్నాడు."

ఇంటికెళ్ళి ఎంత ఆలోచించినా ఆ పిల్ల గొంతులో కోపం ఉందో ఏడుపు ఉందో నాకు తెలియలేదు. పెద్దవాళ్ళు తప్పు లెక్క చేస్తే సరిదిద్దినట్టు అంది, అంతే. సాయిబు మిషను ఆపేశాడు.

అమ్మ అంది: "అవునమ్మా. సచ్చిపోనాది. నాను అబద్దం సెప్పినాను."

తరవాత, "రా తల్లీ, ఇలగొచ్చి నా దగ్గర కూకో. తమ్ముణ్ణి తీసుకురా" అంది. ఆ ఇద్దరూ వెళ్ళి కుర్చీకి చెరో పక్కా కూర్చున్నారు. "ఏయండి సాయిబు గారూ" అంది అమ్మ. సినిమా మళ్ళీ నడిచింది. బాతు ఏడుస్తూంటే అమ్మ, "గుర్రం మావ గుర్తొచ్చి ఏడుస్తంది" అంది. నక్క దాని దగ్గరికి వస్తే, "నాకూ గుర్తొస్తన్నాడు అంతన్నాడు" అంది. చివర్లో వాళ్ళు ఒక ఊరు చేరారు. అక్కడ పొగ వచ్చే ఇళ్ళు, తలుపు తీసే ఒక ముసలమ్మ. అమ్మ ఆ భాగం తక్కువ మాటల్లో చెప్పేసింది. అలిసిపోయిందనుకుంటాను.

ఇంటికి వస్తుంటే నాన్న, "బాగానే సెప్పినావు" అన్నాడు.

"ఏటి బాగు? ఆ గుంట పిల్లకి తెలిసిన సంగతి దాని దగ్గరే దాసినాను. నాకు బుద్ధి నేదు."

"నువ్వే కాదు. మనందరం అదే సేత్తన్నాం. ఆడు సచ్చిపోయిన కాణ్ణుంచి ఆ పిల్లల ముందు ఆడి పేరెత్తడం మానేసినాం" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున్న ఆ పిల్లల తల్లి మా ఇంటికి వచ్చింది. దెబ్బలాటకి వచ్చిందేమోనని నేను గుమ్మం పక్కన నిలబడ్డాను. ఆవిడ వంటింటి గడప మీద కూర్చుంది. "రాత్రి సిన్నోడు అడిగినాడు సెల్లీ, నాన్న కూడా లెగడా అని. రెండు నెల్లయింది, ఊరెల్లినాడని సెప్తన్నాను. నిన్న సెప్పేసినాను" అంది. అమ్మ స్టవ్వు ఆపింది. ఇద్దరూ ఏడ్చారు. నన్ను స్కూలుకి వెళ్ళమన్నారు. నేను వెళ్ళాను.

వెల్ఫేర్ ఆఫీసరు తరవాత కూడా రెండు మూడు సినిమాలు వేయించాడు. మైకు పట్టమని అమ్మని అడిగితే ఒక్కదానికి మాత్రం ఒప్పుకుంది. అందులో అన్నీ కోతులే, చనిపోయేవాళ్ళు ఎవరూ లేరని ముందే మేస్టారిని అడిగి తెలుసుకుంది.

ఎనభైల చివర్లో, స్టీలు ప్లాంటులో ఉద్యోగాలు మొదలయ్యాక, మద్దిలపాలెం బస్టాపులో ఒకమ్మాయి నన్ను, మా వైపు అక్కని పిలిచినట్టు, అప్పా అని పలకరించింది. ఆ పిల్లే. ప్లాంటు ఆఫీసులో టైపిస్టుగా చేరిందట. తమ్ముడు పాలిటెక్నిక్ చదువుతున్నాడట. నేను ఉండబట్టలేక ఆ సినిమా మాట ఎత్తాను. అది నా బుర్రలో అన్నేళ్ళూ నిలిచి ఉంది మరి.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించింది. "నాను లెగిసి అలగన్నానా? నాకేటీ గుర్తు నేదప్పా. మీ యమ్మ బాతు గొంతు మాత్రం గుర్తుంది" అని నవ్వింది. "పిన్ని ఎలగుంది?"

నాన్న రిటైరయ్యాక అమ్మావాళ్ళు కంచరపాలెంలో ఇల్లు తీసుకున్నారని చెప్పాను. ఆదివారం వస్తానంది. వచ్చింది కూడా. అమ్మా ఆ అమ్మాయీ మధ్యాహ్నమంతా కూర్చుని స్టీలు ప్లాంటు బస్సుల రద్దీ గురించి, తమ్ముడి చదువు గురించి మాట్లాడుకున్నారు. సినిమా ఊసు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు అమ్మ ఆ అమ్మాయికి చేపల పులుసు గిన్నెలో పోసి ఇచ్చింది.