లెఫ్టెరిస్ ఎడమ చెయ్యి

ఓల్నీవిల్ కూడలిలో కాండ్రిస్ వాళ్ళ కొట్టుకు వచ్చి ఎవరైనా హాట్‌డాగ్ కావాలంటే, లెఫ్టెరిస్ వినబడనట్టు బల్ల తుడుచుకుంటూ ఉంటాడు. అక్కడ దాని పేరు వీనర్. అడిగినవాడు మళ్ళీ అదే మాట అంటే పక్కన తింటున్నవాళ్ళే జాలిపడి అసలు పేరు చెబుతారు.

లెఫ్టెరిస్ పనితనమంతా ఎడమచేతిలో ఉండేది. చొక్కా చెయ్యి పైకి మడిచి, ముంజేతిని అరుగులా చాపి, మణికట్టు నుంచి మోచేతి దాకా బన్నులు వరసగా పేర్చేవాడు. కుడిచేత్తో ఒక్కోదాంట్లో సాసేజీ పెట్టి, ఆవముద్ద పూసి, కారంగా వండిన కైమా వేసి, ఉల్లి తరుగు జల్లి, పైన సెలరీ ఉప్పు చిలకరించేవాడు. గ్రీసు నుంచి వచ్చి ఆ కొట్టు పెట్టిన వాళ్ళ నాన్నదీ ఇదే పద్ధతి. పళ్ళెంలో పేర్చినా అవే సరుకులు కదా అని కొత్తవాళ్ళు అంటుంటారు. మా పేటలో ఆ మాట అన్నవాడికి పిల్లనివ్వరు.

రోజూ మధ్యాహ్నం చివరి పీట మీద డాట్ ఫగుండెస్ కూర్చునేది. నగల ఫ్యాక్టరీలో బ్రోచీలకు రాళ్ళు అతికించి అతికించి రిటైరైన మనిషి. చల్లటి పాలలో కాఫీ పాకం కలిపిన కాఫీ పాలు తాగుతూ, ఆ రుచి కైమాది కాదనీ లెఫ్టెరిస్ చేతి చెమటదనీ అందరికీ వినబడేలా చెప్పేది. ఆవిడ ఒక్కరోజు రాకపోతే లెఫ్టెరిస్ వీధి తలుపు వైపు చూస్తూ ఉల్లిపాయలు తరిగేవాడు. అడిగితే ఎండ చూస్తున్నానని బొంకేవాడు. అది మంచు కురిసే జనవరి నెలైనా సరే.

ఈ చలికాలం ఇంటి మెట్ల మీద మంచుకు జారి ఆ ఎడమ మణికట్టే విరగ్గొట్టుకున్నాడు. కట్టు వేశారు. వాసిలికి అనే కూతురు కొట్టు నడిపింది, పళ్ళెంతో. పేటవాళ్ళు మానలేదు కానీ, పరామర్శకు వచ్చినట్టు వచ్చి, తల వంచుకుని తిని వెళ్ళేవారు. నా చేతి మీద పేర్చనా నాన్నా అని వాసిలికి అడిగింది. నీ చెయ్యి చిన్నదన్నాడు. తన చెయ్యి మళ్ళీ నిలిస్తే సరే, లేకపోతే తాళం వేస్తాననీ, తండ్రి పేరుతో పళ్ళెం వ్యాపారం చెయ్యననీ తేల్చేశాడు.

ఇది విని డాట్ వాసిలికి వైపు తిరిగి పెదవి విరిచింది. "చిన్నదని కాదమ్మా ఆయన భయం. సరిపోతుందని."

కట్టు విప్పాక వచ్చిన శనివారం మధ్యాహ్నం కొట్టు నిండిపోయింది. లెఫ్టెరిస్ కొత్త పెళ్ళికొడుకులా గడ్డం గీసుకుని వచ్చాడు. కట్టులోంచి బయటపడ్డ చెయ్యి తెల్లగా, సన్నగా ఉంది.

"ఏమయ్యా, ఆ చెయ్యి నీదేనా, ఆస్పత్రివాళ్ళు మార్చేశారా?" అంది డాట్.

"తిండికొచ్చావా, తనిఖీకొచ్చావా?"

"మూడు. పైన అన్నీ వేసి ఇవ్వు."

చెయ్యి చాపి మూడు బన్నులు పేర్చాడు. సాసేజీలు పెట్టాడు. ఆవముద్ద పూస్తుండగా మణికట్టు వణికింది. చివరిది దొర్లింది, దాని వెనకే మిగతా రెండూ వెళ్ళి నేల మీద పడ్డాయి.

ఎవరూ నవ్వలేదు. మామూలుగా ఆ కొట్టులో చెంచా జారినా పదిమంది నవ్వుతారు. ఆ నిశ్శబ్దానికే అతని మొహం మాడిపోయింది. ఏప్రన్ విప్పెయ్యడానికి ముడి వెతుక్కున్నాడు.

"నవ్వరేం? ఎవరైనా పోయారా?" అని అందరినీ కసిరింది డాట్. తర్వాత అతని వైపు తిరిగింది. "ఇంటికి వెళితే వెళ్ళు. నా మూడూ ఇచ్చి వెళ్ళు."

అప్పటికే వాసిలికి తన చొక్కా చెయ్యి మడిచింది. తండ్రి పక్కన నిలబడి చెయ్యి చాపింది. లెఫ్టెరిస్ ఆ చేతిని, బేరం కుదరని చేపను చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి ఒక బన్ను తీసి ఆమె మణికట్టు మీద పెట్టాడు.

"మోచెయ్యి ఎత్తు."

"ఎత్తాను నాన్నా."

"దీన్ని ఎత్తడమంటారా? జారుడుబల్లలా ఉంది."

ఆమె ఎత్తింది. రెండోది పెట్టాడు, మూడోదీ పెట్టాడు. ఊపిరి పీల్చొద్దన్నాడు. చచ్చిపోతానంది. ఇవి ఇచ్చాక చావమన్నాడు. అతని కుడిచెయ్యి మాత్రం ఎప్పటిలాగే పరుగెత్తింది: సాసేజీ, ఆవ, కైమా, ఉల్లి, ఉప్పు. ఒక్కటీ కదల్లేదు.

డాట్ మొదటిది కొరికింది. కొట్టంతా ఆవిడ దవడ వైపే చూస్తోంది. తొందరపడలేదు, నమిలి మింగి, కాఫీ పాలు ఒక గుక్క తాగింది.

"ఉల్లిపాయ తక్కువైంది," అంది.

"ఉల్లిపాయ వేసింది నేను."

"అందుకే నీతో అంటున్నా. పిల్ల చేతికేం, బాగానే ఉంది."

లెఫ్టెరిస్ ఉల్లి గిన్నె దగ్గరికి లాక్కుని, కూతురి మోచేతిని ఇంకొంచెం పైకి నెట్టి, తర్వాత ఎవరని అడిగాడు.