పలుపు మాత్రం ఇవ్వరు

మొన్న చిలకలూరిపేటలో బస్సు దిగి కోర్టు వైపు నడుస్తుంటే తాళ్ల కొట్టు ముందు నా కాళ్లు ఆగిపోయాయి. రంగురంగుల నైలాను తాళ్ల మధ్య ఎవరో గోగునార పలుపులు వేలాడదీశారు. పలుపంటే పశువు మెడకు కట్టే తాడు. కొత్త గోగునారకు ఒక పచ్చి వాసన ఉంటుంది. అది ముక్కుకు తగలగానే శకుంతల మేడమ్ వెనక నిలబడి, "ఏమ్మా పద్మా, వాయిదా పెట్టుకొని తాళ్లు బేరం చేస్తున్నావా?" అన్నట్టనిపించి నిజంగానే వెనక్కి తిరిగాను. కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు.

శకుంతల మేడమ్ మా సీనియర్ లాయరు. పొట్టి మనిషి, గొంతు మాత్రం కోర్టు ప్రహరీ దాటేది. రోడ్డు మీద పోలీసులు పశువుల్ని పట్టుకున్నారంటే చాలు, అటు అద్దంకి నుంచి ఇటు పల్నాడు దాకా రైతులు ఆమె గుమ్మం వెతుక్కుంటూ వచ్చేవారు. ఆమె పద్ధతి ఒకటే: ముందు పశువును చూడాలి, తర్వాతే కాగితం చదవాలి. అందుకోసం కారులో ఎప్పుడూ ఒక జత రబ్బరు చెప్పులుండేవి. చేరిన కొత్తలో, నల్లకోటు వేసుకొని పేడలో నడవడానికా నేను లా చదివింది అని లోపల్లోపల తెగ గింజుకునేదాన్ని.

ఒకసారి పెద్ద వ్యాపారి ఒకడు వచ్చాడు. లారీతో సహా పశువుల్ని పట్టుకున్నారని, విడిపిస్తే ఇక తన కేసులన్నీ మేడమ్‌కేనని చెప్పాడు. ఆమె అలవాటు ప్రకారం వెళ్లి చూసింది. ఒకదాని మీద ఒకటి కుక్కడంతో ఒక ఆవు కాలు విరిగింది, ఒక దూడ లేవడం లేదు. ఆమె వెనక్కి తిరిగి కారెక్కింది. ఇంటికొచ్చాక అతనికి ఫోన్ చేసి, పోలీసులు చేసింది మంచి పనేననీ, వేరే లాయరును చూసుకోమనీ చెప్పేసింది. నాతో మాత్రం ఇలా అంది: "పశువును కాపాడే చట్టం బంగారం లాంటిదే అమ్మా. దాన్ని పశువును సాకేవాడి మీదికి తోలితేనే మనం అడ్డం పడాలి."

అలా అడ్డం పడటమంటే ఏమిటో కోటేశ్వరరావు ఎడ్ల కేసులో చూశాను. మిర్చి, పత్తి వేసే చిన్న రైతు. తెలిసినవాళ్ల ఊళ్లో ఏడుకొండలనే రైతు ఇంటి దగ్గరే ఒక జత ఒంగోలు ఎడ్లను కొన్నాడు. సంతలో కొనలేదు కాబట్టి రసీదు లేదు. వ్యానులో తీసుకొస్తుంటే పోలీసులు ఆపారు. సొంత ఎడ్లయితే పలుపులు ఇంత కొత్తగా ఎందుకున్నాయి, కోతకే తోలుకుపోతున్నావు అని కేసు రాసి, ఎడ్లను ఊరవతల గోశాలకు పంపారు. గోశాలవాళ్లు వాటిని శాశ్వతంగా తమకే అప్పగించమని కోర్టును అడిగారు.

కోటేశ్వరరావు మా ఆఫీసు అరుగు మీద కూర్చుని ఏడ్చినంత పనిచేశాడు. వాన పడింది, చేలో కలుపు కమ్ముకొస్తోంది. మొక్క ఎదిగాక సాళ్ల మధ్యకు ట్రాక్టరు దిగదు, కలుపు తీయడానికి ఎడ్లు లాగే గుంటకే దిక్కు. "పదును పోతోందమ్మా. ఎడ్లు రాకపోతే ఈ ఏడు చేను వదులుకోవాల్సిందే" అన్నాడు.

మేడమ్ గోశాలకు వెళ్లి రెండు ఎడ్ల మెడలూ తడిమింది. కాడి రాపిడికి కాయలు కాసి గట్టిగా ఉన్నాయి. ఒకటి మేత ముట్టడం లేదు. అక్కణ్ణుంచి కారు తిన్నగా ఏడుకొండలు ఊరికి పోనిచ్చింది. ఆయన కొట్టంలోకి వెళ్లి దూలం వైపు చూసి చిన్నగా నవ్వుకుంది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

వాయిదా రోజున ప్రభుత్వ న్యాయవాది కొత్త పలుపుల్నే పట్టుకొని గంభీరంగా వాదించాడు. మేజిస్ట్రేటు గారు తలూపుతుంటే ఇక ఎడ్లు రావనుకున్నాను. మేడమ్ లేచి, అనుమతి తీసుకొని, సాక్షిగా వచ్చిన ఏడుకొండల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఎడ్లనిచ్చారు సరే, వాటి పాత పలుపులు ఎందుకివ్వలేదు?"

ఏడుకొండలు ఆమెను వింతగా చూశాడు. "పలుపు ఎవరిస్తారమ్మా? గొడ్డును అమ్మినా పలుపు మా దూలానికే ఉంటది. అదీ ఇస్తే దొడ్లో లక్ష్మి పోదా? కొన్నోడు కొత్తది తెచ్చుకోవాల్సిందే" అని, మేడమ్ ముందే తెమ్మని చెప్పిందేమో, చేతిసంచిలోంచి అరిగి నల్లబడ్డ రెండు పలుపులు తీసి బల్ల మీద పెట్టాడు. వాటికి ఇంకా తెల్ల వెంట్రుకలు అంటుకొని ఉన్నాయి.

నేరానికి రుజువని చూపించిన కొత్త తాడే కొనుగోలుకు రుజువైపోయింది. అంత చదువు చదివి, ఆ కొట్టంలో ఆమె పక్కనే నిలబడి, నేను చూసింది దూలాన్ని మాత్రమే. ఎడ్లను రైతుకు అప్పగించమని ఆ రోజే ఉత్తర్వు వచ్చింది.

గోశాల గేటు దగ్గర కోటేశ్వరరావు కాళ్లకు దండం పెట్టబోతే ఆమె కసిరింది. మళ్లీ వ్యానులో కుక్కితే తనే కేసు పెడతానని బెదిరించి, నడిపించుకు పొమ్మంది. మేత ముట్టని ఎద్దు అతని భుజం నాకుతూ నడిచింది. మేడమ్ నల్లకోటుతోనే, ఆ రబ్బరు చెప్పులతోనే, మలుపు దాకా వాటి వెంట నడిచింది. మనిషి అంత ఎత్తుగా కనిపించడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆరోగ్యం చెడి ఆమె ప్రాక్టీసు మానేసిన రోజున బీరువాలు, పుస్తకాలు, కక్షిదారులు, ఆఖరికి రబ్బరు చెప్పులతో సహా అన్నీ నాకే ఇచ్చేసింది. కొక్కేనికి ఉన్న నల్లకోటు మాత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. అదొక్కటీ గుర్తుగా ఉంచమని నేను బతిమాలాను.

"పలుపు ఎవరైనా ఇస్తారా? కొత్తది కుట్టించుకో పో" అంది.

కుట్టించుకున్నాను. మొన్న తాళ్ల కొట్టు దగ్గర్నుంచి కదిలి వెళ్లింది కూడా పట్టుబడిన ఒక గేదె వాయిదాకే. కోర్టుకు వెళ్లే ముందే దాన్ని చూసొచ్చాను. నా చెప్పులకు ఇంకా పేడ ఉంది.