రన్‌వేకు వీపు

తొంభైలలో నేను బేగంపేట విమానాశ్రయం హ్యాంగర్‌లో పనిచేసేదాన్ని. పెద్ద మరమ్మతులకు ఏ విమానం ఎప్పుడు రావాలో, ఎప్పుడు బయటపడాలో నిర్ణయించేది మా పెద్దసారే. గగన్‌పహాడ్ నుంచి బస్సులో వచ్చేవారు.

వారాల తరబడి విప్పి, తుడిచి, బిగించిన విమానం మళ్లీ ఎగిరే రోజున మేమంతా పని వదిలి బయటికి పరుగెత్తేవాళ్లం. ఆయన మాత్రం రన్‌వేకు వీపు పెట్టి, ఖాళీ అయిన చోట తర్వాతి విమానం కోసం నిచ్చెనలు సర్దించేవారు.

"ఒక్కసారి చూడండి సార్" అంటే, "పోయేదాన్ని ఏం జూస్తవ్ బిడ్డా, వచ్చేదాన్ని జూడు" అనేవారు. ఇంత చాకిరీ చేసి కనీసం తలైనా తిప్పడేమిటని నాకు ఒళ్లు మండేది.

ఆయన రిటైరైన రోజు మధ్యాహ్నం కూడా ఒక విమానం ఎగిరింది. మెడలో దండతోనే అందరికంటే ముందు బయటికొచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. విమానం చుక్కంతై మాయమైంది. మావాళ్లు లోపలికి వెళ్లిపోయారు. ఆయన కదల్లేదు.

"ఏంది సార్, ఇయ్యాల గిట్ల చూస్తున్నరు?" అన్నాను.

ఖాళీ ఆకాశం మీంచి చూపు తిప్పకుండానే అన్నారు:

"వచ్చేది ఇగ నాది కాదు గద బిడ్డా."